తొమ్మిది కంటే పది ముందు

ధర్మపురి బస్టాండుకు దగ్గర్లో, ఒక సెల్‌ఫోన్ రిపేరు కొట్టు పైన మా ఆఫీసు ఉండేది. ఆఫీసంటే ఒక గది, నాలుగు కంప్యూటర్లు, ఒక ఓనరు, మేము ముగ్గురం. చుట్టుపక్కల బడులకు, క్లినిక్కులకు, పెళ్ళి మండపాలకు వెబ్‌సైట్లు, చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు చేసి ఇచ్చేవాళ్ళం. నేను చదివింది బి.కాం. డిగ్రీ అయ్యాక హోసూరులో మూడు నెలల కోర్సు ఒకటి చేశాను. అందులో మాకు నేర్పించింది ఒక ఫ్రేమ్‌వర్క్. అంటే చాలావరకు ఎవరో ముందే రాసి పెట్టిన సాఫ్ట్‌వేర్. లాగిన్ పేజీ కావాలంటే ఒక ఆదేశం, ఫారం కావాలంటే ఒకటి, పట్టిక కావాలంటే ఇంకొకటి. ఏది కొడితే ఏం వస్తుందో గుర్తుంటే చాలు. నాకు జ్ఞాపకశక్తికి కొదవ లేదు. కోర్సులో అందరికంటే ముందు నా వెబ్‌సైట్ తయారైంది.

దాని లోపల ఏం జరుగుతోందో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అడిగే తీరిక కూడా లేదు. కోర్సు అయిన నెలకే ఉద్యోగం వచ్చింది.

మా ఊరు మారండహళ్ళి పక్కన. నాన్నకు ఆవులు, కాస్త మెట్ట భూమి. అమ్మ టమాటా మండీలో కాయలు ఏరే పనికి రోజుకూలీగా పోతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, గడప దాటితే తమిళమే. బడి అంతా తమిళంలోనే సాగింది. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు కూడా నేను పెద్దయ్యాక, ఎవరూ నేర్పకుండా, ఫోనులో చూసి దిద్దుకున్నవే. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని పని చేసిన మొదటి మనిషిని నేనే. నాన్న ఆ మాట ఊళ్ళో ఎవరికీ చెప్పకుండా ఉండలేకపోయేవాడు. "మా పాప కంప్యూటరు చేస్తాది" అనేవాడు. కంప్యూటరు చేయడం కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట మారలేదు.

రెండేళ్ళు అలా బాగానే గడిచింది. తర్వాత ధర్మపురిలోని ఒక చిన్న కంటి ఆసుపత్రి పని వచ్చింది. వాళ్ళకు టోకెన్ బోర్డు కావాలి. రోగి రాగానే పేరు రాసుకుని నంబరు ఇవ్వాలి. హాల్లో గోడకున్న టీవీలో ఆ నంబరు పడి, గట్టిగా వినిపించాలి. డాక్టరు ఒక మీట నొక్కితే తర్వాతి నంబరు రావాలి. అంతే. ఓనరు వారం గడువు పెట్టాడు. నేను నాలుగు రోజుల్లో ముగించాను. పేరుకు ఒక గడి, ఊరికి ఒక గడి, టోకెన్ నంబరుకు ఒక గడి. ఫ్రేమ్‌వర్క్‌లో అలాంటి గడులు సిద్ధంగా ఉంటాయి, మూడూ ఒకే రకం పెట్టేశాను. వరసగా పేర్చడానికి కూడా ఒక ఆదేశం ఉంది. ఐదుగురి పేర్లు ఊరికే కొట్టి చూశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. చక్కగా వచ్చింది.

మొదటి పది రోజులు ఆసుపత్రికి పెద్దగా జనం రాలేదు. పగలంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్ళు, వచ్చినవాళ్ళను వచ్చినట్టే చూసి పంపేవాళ్ళు. రోజు మొత్తానికి ఏడెనిమిది మంది కంటే ఎక్కువ ఉండేవాళ్ళు కాదు. అందుకే ఎవరికీ ఏమీ తెలియలేదు.

పదకొండో రోజు ఉచిత కంటి శిబిరం పెట్టారు. చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే అరవై నాలుగు మంది వచ్చి కూర్చున్నారు. శుక్లాలు ముదిరినవాళ్ళను అదే రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బస్సులో సేలంకు తీసుకెళ్ళి, అక్కడ పెద్దాసుపత్రిలో మర్నాడు ఆపరేషన్ చేయించాలని ఏర్పాటు. నేను పొద్దున పోయి, టీవీలో ఒకటో నంబరు పడగానే ఫోటో తీసి ఓనరుకు పంపించి, ఆఫీసుకు వచ్చేశాను. వచ్చేటప్పుడు నడకలో కూడా గర్వం ఉండి ఉంటుంది.

పన్నెండున్నర దాటాక ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది అక్కడి హెడ్ నర్సు. యాభై ఏళ్ళ మనిషి, అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. తమిళంలో తక్కువ మాటలు మాట్లాడుతుంది. వెంటనే రమ్మంది. ఎందుకని అడిగేలోపే పెట్టేసింది.

పోయి చూస్తే బోర్డులో నలభై ఏడు ఉంది. నాకు ఏ తప్పూ కనిపించలేదు. హాలు సగానికి ఖాళీ అయింది. గోడ వారగా ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. నడుముకు దోపుకున్న చిన్న గుడ్డసంచిలోంచి కాగితం తీసి, నన్ను ఆసుపత్రి మనిషినని అనుకుని చూపించింది. తమిళంలో మొదలుపెట్టి, మాట దొరక్క మధ్యలో తెలుగులోకి వచ్చింది.

"పాపా, నా నంబరు పిలిచి పోయిందేమో చూడు. నాకు చదవను రాదు. చెవు పెట్టుకొనే కూర్చున్నాను."

కాగితం మీద తొమ్మిది ఉంది.

ఏ ఊరని అడిగాను. మహేంద్రమంగళం అంది. మొదటి బస్సుకు వచ్చిందట. ఆమె ఊరివాళ్ళే నలుగురు తర్వాతి బస్సుకు వచ్చారు, వాళ్ళకు ముప్పై మీద నంబర్లు. వాళ్ళను ఎప్పుడో చూసి పంపేశారు. వాళ్ళలో పక్కింటామె ఒకతి ఈమెను వదిలి వెళ్ళలేక పక్కనే కూర్చుని ఉంది.

"మీరు ఎవరినీ అడగలేదా అవ్వా?" అన్నాను.

"ఏమని అడిగేది? టీవీలో వస్తాది అని చెప్పినారు. టీవీకి తెలీదా అనుకున్నాను."

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. కాగితం చూసి మనిషి పిలిచే రోజుల్లో ఒక్క నంబరు దాటిపోయినా హాలంతా లేచి నిలబడి ఉండేది. ఆ రోజు ఒకటి తర్వాత పది పడినా, పంతొమ్మిది తర్వాత రెండు పడినా, ఎవరూ ఏమీ అనలేదు. కంప్యూటరు చెప్తోంది, దానికేదో కారణం ఉంటుందని అనుకున్నారు. డాక్టరూ తన గదిలో మీట నొక్కుతూనే ఉన్నాడు.

సిస్టర్ నా కోసం ఆగలేదు. టీవీ ఆపేసింది. నంబర్లు రాసిచ్చే చీటీల పుస్తకం చేతిలోకి తీసుకుని, పది లోపు నంబరు ఉండి ఇంకా లోపలికి పోనివాళ్ళు లేవండని గట్టిగా చెప్పింది. ఐదుగురు లేచారు. అందరికంటే ముందు వచ్చినవాళ్ళు, అందరికంటే దూరం నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళను వరసగా లోపలికి పంపింది. బస్సు డ్రైవరు దగ్గరికి మనిషిని పంపి ఆపించింది. ఆ ముసలమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లం ఉందని తేలింది. రెండు గంటలు దాటాక, తోడుగా ఉన్న పక్కింటామెతో కలిసి బస్సెక్కింది. బస్సు సేలం దారిలోని తొప్పూరు ఘాటు వైపు కదిలేదాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను. మూడు రోజుల తర్వాత ఆమె ఆపరేషన్ బాగా జరిగిందని సిస్టర్ చెప్పింది.

అయితే ఆ మూడు రోజుల్లో నేను ఇంకో తప్పు చేశాను. ఓనరుకు జరిగింది చెప్తే, ఆయన కంగారు పడలేదు. సర్వర్ ప్రాబ్లమ్ అని చెప్పు, ఈలోపు ఇంటర్నెట్‌లో వెతికి సరిచెయ్యి అన్నాడు. వెతికాను. ఎవరో ఎక్కడో ఇలాంటిదే అడిగి ఉన్నారు, ఇంకెవరో కింద ఒక లైను రాసి పెట్టారు. దాన్ని తెచ్చి అతికించాను. ఈసారి పన్నెండు పేర్లు కొట్టి చూశాను. ఎనిమిది, తొమ్మిది, పది. సరిపోయింది. ఆ లైను ఏం చేస్తోందో మాత్రం నాకు తెలియదు.

సిస్టర్ దగ్గరికి పోయి, సర్వర్ ప్రాబ్లమ్ సిస్టర్, ఇప్పుడు సరైంది అన్నాను. ఆమె మందుల బీరువా సర్దుతూ నా వైపు తిరగకుండానే రెండు ప్రశ్నలు అడిగింది. సర్వర్‌కు ఏమైంది? మళ్ళీ రాదని ఎలా చెప్తావు? ఏదో గొణిగాను. ఆమె బీరువా మూసి, తాళం వేసి, అప్పుడు నన్ను చూసింది. కోపంగా కాదు. రోగి నిజం దాస్తున్నాడని తెలిసినప్పుడు నర్సులు చూసే చూపు అది. శిబిరాలకు మాత్రం ఇంక చీటీలే వాడుకుంటాం అంది.

ఆ తర్వాత నాకు ఒక అలవాటు పట్టుకుంది. రోజూ ఆఫీసుకు పోగానే మొదట ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి, పది పన్నెండు పేర్లు కొట్టి, తొమ్మిది తర్వాత పది వస్తోందా అని చూసేదాన్ని. వచ్చేది. అయినా మర్నాడు మళ్ళీ చూసేదాన్ని. ఎందుకు పోయిందో తెలియనిది, ఎందుకు బాగైందో తెలియనిది, మళ్ళీ ఎప్పుడు పోతుందో మాత్రం ఎలా తెలుస్తుంది? అంతటితో ఆగలేదు. నేను అంతకు ముందు చేసిచ్చిన పనులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. ఆ బడి మార్కుల పట్టిక ఏమవుతోందో, ఆ మండపం తేదీల పట్టిక ఏమవుతోందో. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా నిద్ర పట్టేది కాదు.

ఒక నెల చూసి సిస్టరే దారి చూపించింది. ఏదో చిన్న మార్పు కోసం పోయినప్పుడు, నా ముఖం చూసి ఏమనుకుందో, పాలక్కోడులో తమ ఇంటికి పాలు పోసే ఒకాయన గురించి చెప్పింది. ఆయన పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ లెక్చరరుగా చేసి రిటైరయ్యాడట. ఇప్పుడు నాలుగు ఆవులు పెట్టుకున్నాడట. ఆయన్ని కలువు, ఆ సర్వర్ ప్రాబ్లమ్ గురించి అడుగు అంది. సర్వర్ అన్న మాటను ఆమె కాస్త సాగదీసింది.

పాలక్కోడు మా ఊరి నుంచి ధర్మపురికి పోయే దారిలోనే ఉంది. మర్నాడు ఆరున్నరకే అక్కడ దిగాను. ఆయన కొట్టంలో పాలు పితుకుతున్నాడు. అరవై ఐదేళ్ళుంటాయి. లుంగీ, భుజాన తువ్వాలు, మందపు అద్దాల కళ్ళజోడు. నేను తమిళంలో నా సంగతంతా చెప్పాను. సర్వర్ అబద్ధం కూడా దాచలేదు. ఎందుకో ఆ మనిషి ముందు, ఆవు పక్కన నిలబడి, అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఆయన చెంబు నిండేదాకా పితుకుతూనే విన్నాడు. మధ్యలో అమ్మ నుంచి ఫోన్ వస్తే, ఇంకా ధర్మపురికి పోలేదని, తర్వాత చేస్తానని తెలుగులో చెప్పి పెట్టేశాను.

"తెలుగోళ్ళా మీరు?" అన్నాడు ఆయన. "ముందే చెప్పకూడదా. మా ఇంట్లోనూ తెలుగే."

అప్పటి నుంచి ఆయన నాతో తెలుగులోనే మాట్లాడాడు. చేతులు కడుక్కుని, సుద్దముక్క తెచ్చి, కొట్టం సిమెంటు గోడ మీద 9 అనీ 10 అనీ రాశాడు.

"ఇవి ఏమి?"

"నంబర్లు సార్."

"నువ్వు అట్ల అనుకుంటాండావు. కంప్యూటరుకు అది ఎవురు చెప్పినారు?"

ఆయన సుద్దతో ఆ అంకెల కింద ఒక గీత గీశాడు.

"బడిలో హాజరు పట్టీ ఉంటాది గదా. పేర్లు ఎట్ల వరస పెడతారు? మొదటి అక్షరం చూస్తారు. అది ముందుదైతే ఆ పేరు ముందు. పేరు పొడుగా పొట్టా అని ఎవురైనా చూస్తారా?"

"లేదు సార్."

"శరి. ఈ పదిలో మొదటి అక్షరం ఏమి?"

"ఒకటి."

"తొమ్మిదిలో?"

"తొమ్మిది."

"ఒకటి ముందా, తొమ్మిది ముందా?"

నేను బోర్లించిన బకెట్టు మీద కూర్చుండిపోయాను. అంతే. ఆ రోజు జరిగింది అంతే. పేరుకు పెట్టిన గడి లాంటిదే నంబరుకూ పెట్టాను. ఆ గడిలో ఏం రాసినా అక్షరాలుగా దాచుకుంటుంది. అక్షరాలను పేర్లు పేర్చినట్టే పేర్చింది. ఒకటితో మొదలయ్యేవన్నీ ముందు, తొమ్మిదితో మొదలయ్యేది చివర. అందుకే తొమ్మిదో నంబరు ముసలమ్మ మిగిలిన అరవై మూడు మందికీ వెనక పడింది. ఐదు పేర్లతో చూసుకున్న నాకు అది ఏ జన్మకూ కనిపించదు.

కంప్యూటరు తప్పు చేయలేదు. చెప్పింది చెప్పినట్టే చేసింది. చెప్పిందేమిటో నాకే తెలియలేదు. ఈ సంగతి తెలిసినప్పుడు సిగ్గు పడాలి. నాకు సిగ్గు కంటే ముందు గుండెలోంచి ఏదో దిగిపోయినట్టయింది. నెల రోజులుగా నన్ను పట్టుకుని ఉన్నది దయ్యం కాదు, దానికి ఒక కారణం ఉంది, ఆ కారణం ఒక సుద్దముక్కతో గోడ మీద రాసేంత చిన్నది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సార్ చూడనట్టు ఆవుకు గడ్డి వేస్తూ ఉండిపోయాడు.

తర్వాత నేనే అడిగాను, మొదటి నుంచి నేర్పిస్తారా అని. ఆయన ఒక్కటే షరతు పెట్టాడు. మూడు వారాలు ఈ పాఠాలకు కంప్యూటరు ముట్టకూడదు, నోటుపుస్తకం చాలు.

అలా వారానికి నాలుగు రోజులు పాలక్కోడులో దిగి, గంటసేపు కొట్టంలో కూర్చుని, తర్వాతి బస్సుకు ధర్మపురి పోయేదాన్ని. ఆయన లెక్కలు వింతగా ఉండేవి. వాటిలో పెద్ద సంఖ్యలు లేవు, సూత్రాలు లేవు. పది పాలక్యాన్లు వరసగా ఉన్నాయి, ఒక్కొక్క దానిలో ఎన్ని లీటర్లుందో మూత తీస్తే తప్ప తెలియదు, ఒకసారి ఒక్క మూతే తీయాలి, అన్నిటికంటే నిండుగా ఉన్నదేదో చెప్పు. మనిషైతే ఊరికే చూసి చెప్పేస్తాడు. చూడడం అంటే ఏమిటో మెట్టు మెట్టుగా రాయాలంటే నాకు రెండు పేజీలు పట్టింది. అందులో నాలుగు చోట్ల తప్పు. మొదటి క్యాను దగ్గర ఏం చేయాలో రాయనే లేదు. ఆయన ఎర్ర పెన్ను వాడడు. తప్పున్నచోట వేలు పెట్టి ఊరికే నిలబడతాడు. మనకే కనిపించాలి.

కొన్ని విషయాలు ఎంతకీ ఎక్కలేదు. ఒక పని తనను తానే పిలుచుకునే పద్ధతి ఒకటుంది, దాని మీద రెండు వారాలు కొట్టుకున్నాను. ఒకరోజు విసుగొచ్చి, ఇవన్నీ ఫ్రేమ్‌వర్క్‌లో ఉన్నవే కదా సార్, మళ్ళీ నేను నేర్చుకోవడం దేనికి అని అనేశాను కూడా. ఆయన కోప్పడలేదు. ఇష్టం లేకపోతే మానుకో అన్నాడు. మర్నాడు మళ్ళీ పోయాను.

ఒక ఆదివారం ఇంట్లో వరస పేర్చే లెక్క చేస్తున్నాను. ఇరవై కాగితపు ముక్కల మీద నంబర్లు రాసి నేల మీద పరిచాను. వాటన్నిటిలో చిన్నది వెతికి పక్కన పెట్టడం, మిగిలిన వాటిలో మళ్ళీ చిన్నది వెతకడం. సార్ చెప్పిన పద్ధతి అదే. అమ్మ తలుపు దగ్గర కూర్చుని చూస్తోంది. ఆమెకు అక్షరాలు రావు గానీ మండీలో పెట్టెల మీద చూసి చూసి నంబర్లు వచ్చు. కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

"ఏమే, ప్రతిసారీ మొత్తం ఎతుకుతాండావు? చేతికొచ్చింది తీసుకో. ముందే పేర్చిండేటివి ఉండాయి గదా, వాటి నడుమ దాని చోటు చూసి దోపు. మళ్ళీ ఇంకోటి తీసుకో."

అలా చేసి చూశాను. సగం కాలానికే అయిపోయింది. సోమవారం సార్‌కు చెప్తే ఆయన పెద్దగా నవ్వి, పుస్తకంలో ఆ పద్ధతికి ఒక పేరుందని, రేపు నేర్పించబోయేది అదేనని అన్నాడు. ఎప్పుడు ఏది మేలో మాత్రం ఇద్దరూ తెలుసుకోవాలి, వచ్చేటప్పుడు మీ అమ్మనూ పిలుచుకొని రా అన్నాడు. అమ్మ రాలేదు. కానీ ఆ వారమంతా మండీలో ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

నాలుగు నెలలకు నాకు కొమ్ములు మొలిచాయి. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌ను మొదటి నుంచి మళ్ళీ రాద్దామని నిశ్చయించుకున్నాను. ఈసారి ఫ్రేమ్‌వర్క్ లేకుండా, ప్రతి లైనూ నాదే. వరస నేను పేర్చాను, బోర్డు నేను గీశాను, లాగిన్ కూడా నేనే రాశాను. ప్రింటు తీసుకుని సార్ దగ్గరికి పోయాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఓపికగా చదివాడు. వరస పేర్చిన చోట తల ఊపాడు. లాగిన్ దగ్గరికి వచ్చి ఆగి, అక్కడ వేలు పెట్టాడు.

"పాస్‌వర్డు ఎట్ల దాచినావు?"

"పట్టికలో సార్. ఒక గడిలో."

"కొట్టింది కొట్టినట్టేనా?"

అవునన్నాను. అంటూ ఉండగానే తప్పని తెలిసింది. ఆ పట్టిక ఎవరి చేతికైనా చిక్కితే అందరి పాస్‌వర్డులూ వాళ్ళ చేతిలో పడ్డట్టే. ఫ్రేమ్‌వర్క్ అలా దాచదు. దాన్ని ఎవరూ తిరిగి చదవలేని రూపంలోకి మార్చి దాస్తుంది. అది అక్కడ నాకు చెప్పకుండానే చేసి పెడుతోందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ ఒక్కరోజే ఆయన గొంతు పెరిగింది. "ఎంతమందో కూర్చొని, ఏండ్ల తరబడి తప్పులు చూసి, దిద్ది చేసిండారు. అది పారేసి నేనొకదాన్నే చేస్తానంటే ఎట్ల? నేను నీకు నేర్పించింది అన్నీ సొంతంగా చెయ్యమని కాదు. ఏది దాని పని, ఏది నీ పని అని తెలియాలని."

ముఖం వేలాడేసుకుని బస్సెక్కాను. ధర్మపురి చేరేలోపు ఆయన మాట నిజమేనని ఒప్పుకున్నాను. అది కూడా ఒక రకంగా భారం దిగడమే. అన్నీ నాకే తెలియాలనే పట్టుదల ఎంత బరువో, దాన్ని దించాక గానీ తెలియలేదు. లాగిన్ మళ్ళీ ఫ్రేమ్‌వర్క్‌కే వదిలేశాను. కాకపోతే అది ఏం చేస్తుందో లోపలికి పోయి చదివాను. అంతకు ముందు ఆ లోపలి ఫైళ్ళు తెరవాలంటేనే భయం. తెరిస్తే నాలాంటివాళ్ళు రాసిన మామూలు లైన్లే. కొన్ని అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. టోకెన్ల వరస మాత్రం నేను చూసుకున్నాను. నంబరును నంబరుగా దాచాను. మొదట్లో ఇంటర్నెట్ నుంచి తెచ్చి అతికించిన లైను ఏం చేసేదో అప్పుడు తెలిసింది. అక్షరాలను ఆ నిమిషానికి నంబర్లుగా మార్చి చూసేది. పనికొచ్చేదే. ఎవరైనా నంబరు బదులు ఖాళీ వదిలేస్తే మాత్రం వరసంతా తారుమారయ్యేది. దాన్ని తీసేశాను.

ఇంక మిగిలింది సిస్టర్. ఒకరోజు మధ్యాహ్నం ఆసుపత్రిలో జనం తగ్గాక పోయాను. ఆమె టిఫిను డబ్బా తెరుచుకుని కూర్చుంది. నిలబడే చెప్పాను. ఆ రోజు సర్వర్‌కు ఏమీ కాలేదు సిస్టర్, నేను మీకు అబద్ధం చెప్పాను. నంబర్లను పేర్ల లాగా పెట్టాను, అది పేర్ల లాగా పేర్చింది. ఐదుగురితో చూసి వదిలేశాను. అందుకే తొమ్మిదో నంబరు చివరికి పోయింది. ఎందుకు పోయిందో అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు.

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, నీళ్ళు తాగింది.

"సర్వర్ కాదని నాకు ఆ రోజే తెలుసు," అంది తమిళంలో. "నువ్వెప్పుడు చెప్తావా అని చూశాను. కూర్చో. పెరుగన్నం తింటావా?"

తిన్నాను. ఊరగాయ కూడా వేయించుకున్నాను. లేచేటప్పుడు, వచ్చే నెల శిబిరానికి బోర్డు పెట్టుకుందాం అంది.

ఆ నెలంతా నేను ఊరికే కూర్చోలేదు. దొంగ పేర్లు నూట ఇరవై కొట్టాను. ఒకే పేరు రెండుసార్లు పెట్టాను. నంబరు లేకుండా పెట్టాను. మధ్యలో ఒకరు ఇంటికి పోయినట్టు కొట్టేశాను. అలా కొట్టేసినప్పుడు బోర్డు అక్కడే ఇరుక్కుపోయింది. అది దొరికినప్పుడు భయం వేయలేదు, సంతోషం వేసింది. నా గదిలో దొరికింది కాబట్టి హాల్లో దొరకదు. ఎందుకు ఇరుక్కుందో వెతకడానికి అరపూట పట్టింది. ఓనరు ఒకసారి వచ్చి, పనిచేస్తోంది కదా, ఇంకా ఏం చూస్తున్నావు అన్నాడు. చూపించాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం విన్నాడు. బడి మార్కుల పట్టికలో కూడా ఇలాంటిది ఉందేమో చూడమన్నాడు. ఉంది. దాన్నీ సరిచేసి, ఆ బడికి మేమే ఫోన్ చేసి చెప్పాం.

శిబిరం రోజు పొద్దున్నే పోయి, హాల్లో నీళ్ళ క్యాను పక్కన నిలబడ్డాను. నూట ఏడుగురు వచ్చారు. ఎనిమిది పడింది. తొమ్మిది పడింది. ఒక పెద్దాయన కర్ర ఊతగా లేచి లోపలికి పోయాడు. పది పడింది. సిస్టర్ తలుపు దగ్గర నుంచి నా వైపు ఒకసారి చూసి తన పనిలో పడింది. తొంభై తొమ్మిది దగ్గర టీవీ కిందికి పోయి నిలబడ్డాను. నూరు పడింది. చీటీ పట్టుకుని ఒకావిడ చంకలో బిడ్డతో పరుగున పోయింది. ఆ రోజు చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. బస్సు ఒంటిగంటన్నరకే సేలంకు బయలుదేరింది. ఏమీ జరగకపోవడం ఇంత హాయిగా ఉంటుందని నాకు ముందు తెలియదు.

సాయంత్రం డాక్టరు పిలిచాడు. వయసైనవాళ్ళను కాస్త ముందు పిలవాలి, అలాగని మిగిలినవాళ్ళు మరీ ఎక్కువసేపు కూర్చోకూడదు, అలా పెట్టగలవా అని అడిగాడు. ఒకప్పుడైతే ఆయన మాట ముగిసేలోపే చేసేస్తాను సార్ అని, బయటికొచ్చి ఏ ఆదేశం కొట్టాలా అని వెతుక్కునేదాన్ని.

"తెలీదు సార్," అన్నాను. "రెండు రోజులు కాగితం మీద వేసి చూసి చెప్తాను."

ఆయన సరేనని తల ఊపి, ఇంకో రోగిని పిలిచాడు. ఆ మాట అనడం అంత సులభమని, అన్నాక ఏ ఉపద్రవమూ రాదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఇంటికి పోయే హోసూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పాలక్కోడు దాటింది గుర్తుంది. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు. కండక్టరు భుజం తట్టి లేపేసరికి మారండహళ్ళి దాటి రెండు స్టాపులు వచ్చేశాను. ఆయన తిట్టబోయి, నా ముఖం చూసి నవ్వేశాడు. దిగాను. ఇంకా వెలుతురు ఉంది. రోడ్డు పక్క టమాటా తోటల్లో కాలవల్లోకి నీళ్ళు కట్టి ఉన్నారు. తిరుగు బస్సు కోసం నిలబడాలనిపించలేదు. అమ్మకు ఫోన్ చేసి, నడిచి వస్తున్నానని, సంగటి నాకూ ఉంచమని చెప్పి, మెల్లగా నడక మొదలుపెట్టాను.